మీ సింకులో పోసిన నూనె మా బాత్రూంలో తేలింది

కనుమ రోజు పొద్దున్నే మా గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూంలోకి మురుగునీళ్లు ఎదురు తన్నాయి. పండగ పూట ఎవరొస్తారు? మధ్యాహ్నానికి ఒకతను దొరికాడు. వెదురు బద్దతో చాంబర్‌లో పొడిస్తే సబ్బు బిళ్లల్లాంటి తెల్లటి గడ్డలు బయటికొచ్చాయి. "సకినాల నూనె సార్, ఏటా ఇదే" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పెట్టాను. మొదటి జవాబు: "మేం వేడినీళ్లు, లిక్విడ్ సోప్ కలిపే పోస్తామండీ." అసలు గొడవే అక్కడుంది! వేడినీళ్లు నూనెను మీ పైపు దాటిస్తాయి, అంతే. కిందికి దిగి చల్లారేసరికి అది ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. చలికాలంలో డబ్బాలోనే పేరుకునే నెయ్యి, పామాయిల్ భూమిలో పైపులో పేరుకోవా? పైగా మురుగులోని కాల్షియంతో కలిసి నిజంగానే సబ్బులా గట్టిపడుతుంది. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద ఇలాంటి గడ్డే దొరికింది. 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు! దాని ముక్కను మ్యూజియంలో కూడా పెట్టారు. చూడాలనుకునేవాళ్లు లండన్ దాకా వెళ్లక్కర్లేదు, మా చాంబర్ మూత తీస్తాను.

నూనె ప్యాకెట్ కత్తిరించి చివరి చుక్క దాకా పిండుకునే వాళ్లం మనం. మూకుడు అడుగున మడ్డి దగ్గరికొచ్చేసరికి మాత్రం సింకు గుర్తొస్తుంది. చల్లారాక ఆ ఖాళీ ప్యాకెట్లోనో, పాత సీసాలోనో వంపి మూతి బిగించి చెత్తబుట్టలో పడేయొచ్చు కదా! తోమే ముందు మూకుడును పాత పేపరుతో ఒక్కసారి తుడిచినా సగం జిడ్డు పోతుంది. వాడిన నూనెను బయోడీజిల్‌కి మళ్లించాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒక డబ్బా పెట్టుకుంటే ఆ నూనె సేకరించేవాళ్లకు ఇచ్చేయొచ్చు. ఇక హోటళ్ల సంగతి, ఇప్పుడు నాకంత ఓపిక లేదు.

గడ్డలు తీసినతని చేతులకు గ్లౌజులు లేవు. ఇద్దామంటే మా ఇంట్లోనూ లేవు, సిగ్గేసింది. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. 2023లో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచాల్సి వచ్చింది. మనం పోసిన మడ్డి చివరికి చేరేది వాళ్ల చేతుల్లోకే.

సాయంత్రం గ్రూపులో క్లీనింగ్ ఖర్చు పంచుకుందామన్నాను. మూడో ఫ్లోర్ నుంచి మెసేజ్: "మా సింకులో నీళ్లు బాగానే పోతున్నాయిగా, మేమెందుకివ్వాలి?"

పోతున్నాయండీ. మా ఇంట్లోకే.