ఆకు పచ్చగా ఉంటే ఉప్పు తగల్లేదనేనా?

"ఉప్పు తగలగానే పత్రహరితం మాడిపోయి ఆకు ఆహారం తయారు చేయడం మానేస్తుంది. ఆకు పచ్చగా ఉందంటే పైరుకు ఉప్పు తగల్లేదన్నట్టే. తట్టుకునే రకాల ఆకులకు ఉప్పు ఒక లెక్కే కాదు." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. మొదటి ముక్కలో సగం నిజముంది, మిగతా రెండూ తప్పే.

"తగలగానే" అన్నదే తప్పు. మట్టిలో ఉప్పు పెరిగితే నిమిషాల్లో పత్రరంధ్రాలు ముడుచుకుంటాయి. అప్పటికి సోడియం ఆకులో పోగుపడనే లేదు, వేరుకు నీళ్లు లాగడం కష్టమైంది, అంతే. రంధ్రాలు ముడుచుకుంటే కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువే వస్తుంది. ఎండ మాత్రం తగ్గదు కదా! వాడుకోలేని వెలుతురును ఆకు చాలావరకు వేడిగా మార్చి వదిలించుకుంటుంది. వెలుతురును వాడుకునే యంత్రాంగంలో దెబ్బతిన్న డీ1 ప్రోటీన్‌ను తీసేసి కొత్తది పెట్టుకుంటుంది. మానేయడం కాదు, రిపేర్లు చేసుకుంటూ నడిపించడం.

పచ్చదనం సంగతి మరీ మోసం. ఉప్పు నేలలో ఆకులు చిన్నగా, మందంగా వస్తాయి. హరితరేణువులు దగ్గరదగ్గరగా ఇరుక్కుని రంగు ఇంకా ముదురుతుంది. చదరపు సెంటీమీటరుకు లెక్కేస్తే కిరణజన్య సంయోగక్రియ చాలాసార్లు తగ్గదు కూడా. తగ్గేది ఆకుల సైజు, సంఖ్య. కాబట్టి రంగు కాదు, కొత్తాకు ఎంత వెడల్పుగా వస్తోందో చూడాలి.

ఇక తట్టుకునే రకాలు. సముద్రపు ఒడ్డున ఉప్పులోనే బతికే మొక్కల ఎంజైములను పరీక్షనాళికలో పెట్టి ఉప్పు కలిపితే, అవీ మామూలు పైరు ఎంజైముల్లాగే దెబ్బతింటాయి. కిటుకంతా ఉప్పును వాటి దగ్గరికి రానివ్వకపోవడంలో ఉంది. ఆకులో నిలిచే నీటికి సుమారు 50 రెట్లు ఆవిరైపోతుంది. అంటే వేరు దాదాపు 98 శాతం ఉప్పును బయటే ఆపకపోతే ఆకులో గాఢత మట్టినే మించిపోతుంది. దాన్నీ దాటి వచ్చిన సోడియాన్ని వరిలో, గోధుమలో హెచ్‌కేటీ1;5 అనే ప్రోటీన్ దారిలోనే వెనక్కి లాగుతుంది. బార్లీ పద్ధతి వేరు: ఆకులోకి కాస్త ఎక్కువే రానిచ్చి, కణం మధ్యనుండే రిక్తిక అనే సంచిలో బంధిస్తుంది. మట్టిలో ఉప్పును కొలిచే ఈసీ 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, బార్లీ 8 దాకా నిలబడుతుంది.

పత్రహరితం మాడే మాటా నిజమే, కానీ రోజులు, వారాలు గడిచాక. అదీ ముందు ముదురాకు కొసన. కొత్తాకులు వచ్చేకంటే ముదురాకులు వేగంగా ఎండుతుంటే గింజకు పోవాల్సిన తిండి తగ్గిపోతుంది.