పది నిమిషాలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పది నిమిషాలు గారికి,

మా వీధి చివరి పిజ్జా కొట్టులో, గోడ పక్క ఎడమ స్టూలు మీద కూర్చుని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. కౌంటరు అవతల మీరూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి.

మీ చుట్టాలందరినీ నేను ఎరుగుదును. టైలరు దగ్గరుండే "రేపు" గారు, ఆఫీసుల్లో ఉండే "సోమవారం రండి" గారు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్లతో నాకు పేచీ లేదు. టైలరు చెప్పే రేపు రేపు కాదని అందరికీ తెలుసు కాబట్టి అక్కడెవరూ స్టూలేసుకుని కూర్చోరు. మీరలా కాదు. మిమ్మల్ని నమ్మబుద్ధేస్తుంది. ఐదంటే అబద్ధమని తెలిసిపోతుంది, ఇరవై అంటే ఇంటికెళ్లి రావచ్చనిపిస్తుంది. పది అంటే మాత్రం "ఎంతలే, కూర్చుందాం" అనిపిస్తుంది. ఎవరు కొలిచి పెట్టారో గానీ ఘటికులు.

పోయిన ఆదివారం సంగతి చెప్తాను. సాయంత్రం ఏడుంపావుకి వెళ్లాను. పనీర్ క్యాప్సికం మీడియం ఒకటి, మా చిన్నదానికి స్వీట్‌కార్న్‌ది చిన్నది ఒకటి. ఫోన్లో డబ్బు కొట్టగానే సౌండ్‌బాక్సు నాలుగొందల ముప్పై వచ్చాయని వీధంతటికీ చాటింది. కొట్టులో ఠంచనుగా పనిచేసేది అదొక్కటే. "ఎంతసేపు బాబూ?" అన్నాను. కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా "ఆయ్, పది నిమిషాలండి" అన్నాడు. మా రాజమండ్రి "ఆయ్"లో ఎంత మర్యాద ఉందంటే, ఎప్పటి నుంచి పది అని అడగడానికి నోరు రాలేదు.

కిటుకంతా అక్కడే ఉందని తర్వాత తెలిసింది. డబ్బు కట్టినప్పటి నుంచా? ఫ్రిజ్‌లోంచి బేసు తీసినప్పటి నుంచా? చేసేపనేమీ లేక గమనిస్తూ కూర్చున్నాను. ఏడు ఇరవై ఎనిమిదికి ప్లాస్టిక్ కవరు చింపి బేసులు బయటికి తీశాడు. వాటి మీద గరిటె అడుగుతో ఎర్ర సాసు తిప్పాడు, అచ్చం దోసె వేసినట్టే. తిప్పుతుండగా ఎవరో ఫోన్ చేశారు. గరిటె అలాగే ఉంచి "బయలుదేరిపోయాడండి, పది నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటాడు" అన్నాడు. ఆ బయలుదేరినవాడు నా పక్కనే నిలబడి హెల్మెట్ అద్దం తుడుచుకుంటున్నాడు. ఒకే క్షణంలో మీరు నా స్టూలు దగ్గరా, ఆ ఫోన్ చేసినవాళ్ల గుమ్మం దగ్గరా ఉన్నారు. శ్రీకృష్ణుడి తర్వాత ఇది మీకే చెల్లింది.

పిజ్జా పుట్టిన నేపుల్స్‌లో దాన్ని చేసేవాళ్ల పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటి కాగుతుంది. పిజ్జా లోపలికి వెళ్లి బయటికి రావడానికి పట్టేది 60 నుంచి 90 సెకన్లు. అంటే ఆ ఊళ్లో మీకు చోటే లేదన్నమాట. అందుకే మా వీధికి వచ్చి స్థిరపడ్డారేమో. ఇక్కడ ఉన్నది స్టెబిలైజరు మీద బతికే చిన్న కరెంటు ఓవెను. ఒకసారికి ఒక మీడియమో, రెండు చిన్నవో పడతాయి. ఉడికిందో లేదో అని కుర్రాడు నిమిషానికోసారి తలుపు తీసి చూస్తాడు. మా అత్తగారు అన్నం గిన్నె మూత తీసి చూసినట్టు. తీసినప్పుడల్లా వేడి బయటికి, మీ వయసు పైకి.

ఈలోగా కౌంటరు మీది ట్యాబ్ "టింగ్" అంటుంది. ఆ టింగుకి ఉన్న పరపతి మనిషికి లేదు. ఓనరు లెక్క ఓనరుది: స్టూలు మీదున్నవాడు డబ్బు కట్టేశాడు, ఎక్కడికీ పోడు. యాప్‌లో ఉన్నవాడు స్టార్లు కోసేస్తాడు. అంచేత నా పనీర్ ముక్కలు నా కళ్ల ముందే ఇంకొకరి బేసు మీదికెక్కాయి.

చూడటానికి ఇంకేమీ లేక గోడకేసి చూశాను. ఇది ఒకప్పుడు జిరాక్స్ కొట్టు. లామినేషన్ మెషీను ఇప్పటికీ మూలన గుడ్డ కప్పుకుని ఉంది. గోడ మీద మాత్రం నిలువెత్తు పీసా గోపురం వేయించారు. పిజ్జాకీ పీసాకీ బంధుత్వం ఉందని పెయింటరు అనుకున్నాడో, ఓనరు అనుకున్నాడో తెలియదు. కూర్చోగా కూర్చోగా నాకది సరైన బొమ్మే అనిపించింది. ఆ గోపురం పని 1173లో మొదలై 1372 ప్రాంతంలో ముగిసింది. పునాది దగ్గర ఎవరో "ఎంతసేపు మేస్త్రీ?" అని అడిగే ఉంటారు.

అమెరికాలో డామినోస్ వాళ్లు 30 నిమిషాల హామీ ఒకటి పెట్టి, డెలివరీ బండి గుద్దిన కేసులో కోర్టు భారీ పరిహారం వేశాక 1993లో ఎత్తేశారు. లిఖితపూర్వకంగా చెప్పినందుకు వచ్చిన తిప్పలవి. మిమ్మల్నెవరూ బోర్డు మీద రాయలేదు, బిల్లు మీద అచ్చేయలేదు. మీ మీద ఏ కోర్టు మాత్రం ఏం కేసు పెట్టుకుంటుంది?

ఒక్క మేలు ఒప్పుకోవాలి. మీ దయవల్ల నాకు ఇరుగుపొరుగు తెలిశారు. ఎదురు స్టూలు మీద కూర్చున్న పెద్దాయన మా వెనక వీధిలో పన్నెండేళ్లుగా ఉంటున్నారట. మనవడి పుట్టినరోజని మూడు చెప్పారు. మాటల్లో ఆయన మోకాళ్ల నొప్పులు, మా అబ్బాయి ఎంసెట్ ర్యాంకు, మున్సిపాలిటీ కుళాయిలు అన్నీ అయిపోయాయి. చివరికి ఇద్దరం ఓవెను వైపు చూస్తూ, ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న బంధువుల్లా మౌనంగా ఉండిపోయాం.

ఎనిమిదీ ఐదుకి నా డబ్బాలొచ్చాయి. ఒరెగానో ప్యాకెట్లు రెండే. ఇంకో రెండు అడిగితే కుర్రాడు ఆస్తి పంచుతున్నట్టు చూశాడు. ఇంటికెళ్లి మూత తీస్తే చీజంతా అట్టకి అంటుకుని, కింద ఎర్ర బేసు బోడిగా మిగిలింది. మా ఆవిడ చెంచాతో అట్ట గీకి మళ్లీ బేసు మీద పరిచింది. మూత కిందికి వంగి చీజుని తాకకుండా పిజ్జా నడుమ పెట్టే బుల్లి ప్లాస్టిక్ ముక్కాలి పీట ఒకటుంది. అమెరికాలో కార్మెలా విటాలే అనే ఆవిడ 1985లో దానికి పేటెంటు తీసుకుంది. అది మా వీధికి చేరడానికి ఇంకో మీరు పడుతుంది కాబోలు.

ఇవన్నీ చదివి మీకు కోపం రావచ్చు. అందుకే ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. పోయిన నెలలో యానాం నుంచి కొత్త కుర్రాడొకడు చేరాడు. మీరెవరో వాడికి ఇంకా తెలియదు. అడిగినవాళ్లందరికీ "నలభై నిమిషాలు పడుతుందండి, ముందు ఆరు ఆర్డర్లున్నాయి" అని చెప్పాడు. అక్షరాలా నిజం. విన్నవాళ్లు విన్నట్టే వెళ్లిపోయారు. ఒకాయన "వ్యాపారం చేసే పద్ధతేనా ఇది" అని కూడా అన్నాడు. నేనూ లేచాను. ఎదురుగా బజ్జీల బండి దగ్గరికెళ్తే "ఒక్క వాయండి, రెండు నిమిషాలు" అన్నాడు. మూడు వాయిలు వేరేవాళ్లకి పోయేదాకా, పాతిక నిమిషాలు సంతోషంగా నిలబడ్డాను.

తర్వాతి ఆదివారానికి ఆ కుర్రాడు మీ పేరు నేర్చుకున్నాడు. "ఆయ్" కూడా వచ్చేసింది.

ఇట్లు,
టోకెన్ నంబరు 14

తా.క.: ఇవాళా ఇక్కడే ఉన్నాను. ఇప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఎంతసేపని మా ఆవిడ అడిగితే మీ పేరే చెప్పాను. "సరే అయితే, బియ్యం కడుగుతున్నా" అని పెట్టేసింది.