తీతువు గూట్లో పరుసవేది లేదు

ఒకే మెసేజ్, వారంలో ఐదుగురు పంపారు. తీతువు పిట్ట కాళ్లు పైకెత్తి పడుకుని ఆకాశాన్ని ఆపుతుందట. చెట్టెక్కితే భూకంపమట. ఎన్ని గుడ్లు పెడితే అన్ని నెలల వానట. గుడ్లను పరుసవేదితో, అంటే ఇనుమును తాకితే బంగారం చేసే రాయితో, పగలగొడుతుందట, గూట్లో వెతికితే ఆ రాయి దొరుకుతుందట. రాత్రి ఇంటి మీద కూస్తే ఆ ఇంట్లో చావట, రాళ్లేసి తరమాలట. పంపినవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఆకాశం మాట వదిలేద్దాం. చెట్టెక్కదన్నది చాలావరకు నిజమే. వెనకవేలు మరీ చిన్నది, కొమ్మ పట్టు దొరకదు. భూకంపంతో దానికేం పని? గుడ్లు మామూలుగా నాలుగు. కరువొచ్చిన ఏడూ నాలుగే, చెరువు అలుగు పోసిన ఏడూ నాలుగే.

నాకు ఒళ్లు మండేది పరుసవేది దగ్గర. గుడ్డును పగలగొట్టేది తల్లి కాదు, లోపలి పిల్ల. దాని ముక్కు కొసన చిన్న గట్టి మొన ఉంటుంది, దాంతోనే పెంకు చీల్చుకుని వస్తుంది. రాయి అక్కర్లేదు. మరి గూట్లో రాళ్లెందుకున్నాయి? అసలు ఆ గూడే రాళ్లు! నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, మేక పెంటికలు, అంతే. తల్లికి కంటి ముందు ఎర్రతోలు, పసుపుపచ్చ కాళ్లు, ఎంత దూరానికైనా కనిపిస్తుంది. గుడ్లు మాత్రం మట్టిరంగు మీద నల్లమచ్చలు. ఆ రాళ్ల మధ్య ఉన్నంతసేపే వాటికి రక్ష. ఒక్కొక్క రాయీ తీసి ఇనుముకు రాసి చూసేవాడు ఏం చేస్తున్నట్టు? కాకికి దారి చూపిస్తున్నాడు. ఈలోగా తల్లీతండ్రీ నెత్తిన అరుస్తూ తిరుగుతుంటాయి, గుడ్లు ఎండలో ఉడుకుతుంటాయి. మే నెల ఎండకు ఆ పిట్టలు నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. ఇద్దరూ వంతులేసుకుని 28 నుంచి 30 రోజులు పొదుగుతారు. అదంతా ఒక్క పూటలో పాడుచేసి వట్టి చేతులతో ఇంటికెళ్తారా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లు పాడుచేయడాన్నీ, గూడు చెరపడాన్నీ కూడా వేటగానే లెక్కిస్తుంది. ఆ మాట కూడా పదిమందికి పంపండి!

ఇక చావు కూత. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. తీతువు కూస్తే ఎవరో కదులుతున్నారని మా నాయనమ్మ అనేది, అది నిజం. కుక్కో, పామో, మనిషో కదలనిదే అది అంతగా గోల చేయదు. వెన్నెల రాత్రుల్లో మేతకు కూడా తిరుగుతుంది. జబ్బుమనిషి ఉన్న ఇంటికి వేళకాని వేళ జనం లాంతర్లతో వస్తూ పోతూ ఉంటే బీడులో పిట్ట లేచి అరిచి ఉంటుంది, తెల్లారి ఆ ఇంట్లో ఏడుపు వినిపించి ఉంటుంది. నింద పిట్ట మీద పడిందని నేననుకుంటాను. కాపలా కాసేదాన్ని రాళ్లతో కొట్టమంటారేం?

బావా, మీ గేదెలు మేసే చెరువు శిఖంలోనే ఇప్పుడు ఒక జంట గుడ్ల మీద ఉంది. గేదె మూతి దగ్గరికొచ్చినా లేచిపోవడం లేదు, రెక్కలు విప్పి ఎదురు నిలబడుతోంది. రేపు పొద్దున్నే రండి, గట్టు మీద నుంచే చూపిస్తాను.