అటక లేని ఇల్లు

మా అమ్మ రోలు హాల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి పెరట్లో వానకు తడిసి, ఎండకు కాగి, చివరి దశలో కోళ్లకు నీళ్ల తొట్టిగా స్థిరపడ్డ ఆ నల్లరాతి రోలును మా ఇంటీరియర్ డిజైనర్ గారు చూశారు. చూసి, కాసేపు మాట రాక నిలబడిపోయారు. ‘‘దీన్ని ఇన్నాళ్లూ ఎలా వదిలేశారండీ?’’ అని నన్ను మందలించారు కూడా. ఊరి నుంచి హైదరాబాదుకు బండి కిరాయి, ఆరో అంతస్తుకు చేర్చడానికి నలుగురు మనుషులు, తళతళలాడేలా వార్నిష్, దాని నెత్తిన వెలుగు పడేలా పైకప్పులో ఒక ప్రత్యేక దీపం. ఆ ఖర్చుతో మూడు మిక్సీలు వచ్చేవి. కానీ రోట్లో తల దూర్చిన వాడు రోకటి పోటుకు వెరవకూడదు కదా.

ఆరు నెలలు ఈ విద్యను దగ్గరగా గమనించాక గృహాలంకరణ మూలసూత్రం నాకు బోధపడింది. పనికొచ్చినంత కాలం అది సామాను. పనికిరాని రోజు చెత్త. ఇకపై ఎవరూ వాడకూడదని డిజైనర్ ఆజ్ఞాపించిన రోజున కళాఖండం. ఈ లెక్కన మా ఇంట్లో బియ్యం చెరిగిన చాట ఇప్పుడు గోడెక్కింది. తిరగలి మీద గాజు పలక పెట్టి దాన్ని బల్ల అంటున్నాం. పెళ్లిళ్లలో స్నానాలకు నీళ్లు కాచిన గంగాళంలో గొడుగులు ఉన్నాయి. కవ్వం ఏం పాపం చేసిందో, తలకిందులుగా వేలాడుతోంది. ఇత్తడి బిందెలకు మాత్రం లోటు వచ్చింది. అప్పట్లో వాటిని వీధిలోకి వచ్చిన స్టీలు సామాన్లవాడికి ఇచ్చి, నాలుగు టిఫిన్ డబ్బాలు తీసుకుని, గెలిచామనుకున్నాం. ఇప్పుడు అచ్చం అలాంటివే పురాతన వస్తువుల దుకాణంలో కొనుక్కొచ్చాం. సొట్టలున్న వాటికి ధర ఎక్కువ.

సూత్రం బొమ్మలకూ వర్తిస్తుంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, లక్కకు మొక్కల రంగులు కలిపి పూసి బొమ్మలు చేస్తారు. పసివాళ్లు నోట్లో పెట్టుకున్నా భయం ఉండకూడదని అలాంటి రంగులు వాడుతున్నారు. మా ఇంట్లో ఆ బొమ్మలు గాజు తలుపుల వెనక, తాళం వేసి, పసివాళ్లకు అందని ఎత్తులో ఉన్నాయి. చేర్యాల పటం కథ ఇంకా విచిత్రం. అది చుట్టగా ఉండేది. కథ చెప్పేవాళ్లు ఊరి జనం ముందు దాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, పాట కట్టి, కులపురాణాలు రాత్రుళ్లు చెప్పేవారు. మా గోడ మీద చోటు రెండడుగులే ఉంది కనుక మేము ఒక్క ఘట్టం కొని ఫ్రేము కట్టించాం. అందులో ఎవరో ఎవరి మీదో కత్తి ఎత్తారు. ఎవరు, ఎందుకు అని అతిథులు అడిగితే ‘‘రంగుల పొందిక చూడండి’’ అంటాం.

ఇదంతా మా ఒక్కరి వెర్రి అనుకోకండి. దీనికి ప్రభుత్వ స్థాయిలో ఆదర్శం ఉంది. 1950లలో చండీగఢ్ కట్టేటప్పుడు, ఆ నగరానికి రూపకల్పన చేసిన వాస్తుశిల్పి ల కార్బూజియేకు దాయాది వరసైన పియర్ జన్నరె, అక్కడి ఆఫీసుల కోసం టేకు, పేముతో కుర్చీలు రూపొందించాడు. గుమాస్తాలు వాటిలో కూర్చుని దశాబ్దాల పాటు ఫైళ్లు ఆపారు. పేము తెగింది. కుర్చీలు డాబాల మీదా మూలల్లోనూ గుట్టలు పడ్డాయి. పాత సామాను వేలంలో కారుచవకగా పోయాయి. విదేశీ వ్యాపారులు వాటిని బాగుచేసి తమ దేశాల్లో వేలం వేస్తే ఒక్కో కుర్చీ లక్షలు పలికింది. నాకు నచ్చిన సంగతి ఇది: కుర్చీ వెనక గుమాస్తా రంగుతో రాసిన శాఖ పేరు, సామాను నంబరు చెరిపేస్తే విలువ పడిపోతుంది. అసలు సరుకు అనడానికి అదే రుజువు. మన కార్యాలయాల చేతిరాతకు ప్రపంచ మార్కెట్లో దక్కిన గౌరవం అది. చివరికి 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మకూడదని ఆదేశించింది. పై సూత్రంలోని మూడో దశ అన్నమాట.

ఇక అమ్మ సంగతి. గృహప్రవేశానికి వచ్చిన ఆవిడ, హాల్లో తన రోలును, అందులో నీళ్లను, నీళ్ల మీద తేలుతున్న గులాబీ రేకులను చూసి ఏమీ అనలేదు. మర్నాడు మేము బజారు నుంచి వచ్చేసరికి రేకులు తులసి కుండీలో ఉన్నాయి. వార్నిష్ కొబ్బరి పీచు దెబ్బకు ఊడి వచ్చింది. సంచిలో తువ్వాలు చుట్టి ఊరి నుంచి తెచ్చుకున్న పచ్చడిబండతో, ప్రత్యేక దీపం వెలుగులో, గోంగూర నూరుతోంది. ‘‘ఏరా, నీళ్లు నిలబెడితే రోలు పాచి పట్టదూ?’’ అంది.

సరిగ్గా ఆ సాయంత్రమే డిజైనర్ గారు ఫొటోలు తీయడానికి వచ్చారు. రోలు చుట్టూ రెండుసార్లు తిరిగారు. రెండు ముద్దలు తిన్నారు కూడా. ‘‘రుచికి వంక పెట్టలేనండీ. కానీ ఈ ముదురాకుపచ్చ గోడ రంగుతో కలవడం లేదు. పుదీనా అయితే నప్పేది’’ అన్నారు.

తర్వాత బాల్కనీలో ఉన్న రెండు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలను ఫొటోలో పడకుండా తీసేయమన్నారు. హాల్లో ఉన్న తెల్ల సోఫా మీద మరక పడుతుందని మేమెవరమూ కూర్చోం. టీలు, పేపరు, తగాదాలు, ఇంటికి వచ్చిన బంధువులు, అన్నీ ఆ కుర్చీల మీదే. ఒకదాని చెయ్యి విరిగితే తీగతో కుట్టాం. చండీగఢ్ చరిత్ర చదివిన వాణ్ణి కనుక వాటి భవిష్యత్తు మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ఇంకో యాభై ఏళ్లకు ఆ తీగ కుట్టుకే లక్ష రూపాయలు అదనంగా పలుకుతుంది. అందుకే పారేయకుండా అటక మీద దాచమన్నాను.

డిజైనర్ గారు జాలిగా పైకి చూపించారు. అటక ఉండాల్సిన చోట ఫాల్స్ సీలింగ్ ఉంది.