రెండు సెంటీమీటర్ల ఆక్రమణదారులు

బెంగళూరు కె.ఆర్.పురంలో మా బావ ఫ్లాట్‌లో మూడో బెడ్రూమ్ ఎప్పుడో ఒక ఊరి పేరున రాసేశారు. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్, దాని మీద హెచ్‌ఓ స్కేల్ బొమ్మ రైలు, స్టేషను, బజారు, గుడి. ఇప్పుడా ఊరిని రీడిజైన్ చేస్తున్నారు. ఎవరయ్యా అంటే ఆదివారం కాఫీకొచ్చే నలుగురు తెలుగు ఐటీ మేధావులు, వారమంతా సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌ని తిట్టుకుని సెలవు రోజు అదే ట్రాఫిక్‌ని ప్లైవుడ్ మీద కట్టుకునే మహానుభావులు.

హెచ్‌ఓ అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. ఎనిమిదడుగుల్ని 87తో గుణించండి, ఊరి పొడవు మొత్తం 212 మీటర్లు. అందులో వీళ్ళకి ఫ్లైఓవర్ కావాలి! ఊళ్ళో కార్లన్నీ కలిపి ఒక చాక్లెట్ డబ్బాలో పడతాయి, ఒక్కటీ కదలదు, అయినా కావాలి. పిల్లర్లు లేపారు, బడ్జెట్ అయిపోయింది, ఆగింది. 2017లో మొదలై ఏళ్ళ తరబడి పిల్లర్లతోనే నిలబడ్డ ఈజీపుర ఫ్లైఓవర్ తర్వాత ఇంత ఒరిజినల్ బెంగళూరు నేనెక్కడా చూళ్ళేదు.

సరే, అసలు సంగతి ప్లాట్‌ఫామ్ మీదుంది. అక్కడ ఒక పూలమ్మి, బఠాణీలవాడు, టీ కుర్రాడు, మూటల మీద కూర్చున్న ఒక కుటుంబం ఉండేవాళ్ళు. రెండేసి సెంటీమీటర్ల మనుషులు. మా అక్క భూతద్దం పెట్టుకుని సన్న బ్రష్షుతో ఒక్కొక్కళ్ళకీ రంగులేసింది, పూలమ్మి బుట్టలో మల్లెపూలంటే సూదిమొనతో పెట్టిన తెల్ల చుక్కలు. కమిటీ తేల్చిందేంటంటే ఇదంతా క్లటర్, ఫొటోల్లో క్లీన్ లుక్ రావట్లేదు. స్కేలు పెట్టి సర్వే చేశారు. పూలమ్మి బుట్ట పసుపు గీత మీదకి అర మిల్లీమీటరు వచ్చిందని రిపోర్టు. ఒకాయన ఫోన్లో వీడియో తీస్తున్నాడు, ఒకాయన టార్చి పట్టుకున్నాడు, ఇంకొకాయన షేవింగ్ బ్లేడుతో వంగాడు, నాలుగోఆయన "జాగ్రత్త అన్నా, ప్లాట్‌ఫామ్ పెయింట్ పోతుంది" అన్నాడు. ఆవిడ గురించి కాదు, పెయింట్ గురించి. ఫెవిక్విక్ గట్టిది కదా, పూలమ్మి పైకి లేచింది గానీ పాదాలు రెండూ ప్లాట్‌ఫామ్‌కే ఉండిపోయాయి. వాటిని రెండో విడతలో తొలగిస్తారట.

"ఈవిడేం చేసింది బావా?" అనడిగితే "అదేం లేదురా, రియలిజం" అన్నాడు. రియలిజమా? మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి, మీ పట్టాలు 16.5. అది ఓకే. అసలు 24 పెట్టెల రైలు నిలబడాలంటే ఈ స్కేల్లో ఆరు మీటర్ల పైనే కావాలి, మీ ఊరే రెండున్నర మీటర్లు లేదు, మూడు పెట్టెలు తగిలించి ఎక్స్‌ప్రెస్ అంటున్నారు. అదీ ఓకే. ప్లాట్‌ఫామ్ మీద పూలమ్ముకునే మనిషి ఉంటే మాత్రం రియలిజం దెబ్బతింటుంది!

బొమ్మ కదా, ఇంత గొడవెందుకు అంటారేమో. బొమ్మల దగ్గర చేతులు ఎటు పోతాయో ఊరు చేతికొస్తే అటే పోతాయి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు, లేపాలంటే 30 రోజుల నోటీసు, ఈ వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. చట్టంలో అన్నీ ఉన్నాయి. రోడ్డు మీదేమో తోపుడుబండిని లారీలోకి ఎత్తేస్తుంటే టమాటాలు దొర్లుతుంటాయి, ఆవిడ తూకంరాళ్ళు ఏరుకుంటుంటుంది, బాల్కనీలోంచి మనవాళ్ళు గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెడతారు, "ఫైనల్లీ" అని. సిగ్గుండక్కర్లా? అర్ధరాత్రి షిఫ్ట్ దిగి ఆ బండి దగ్గరే కదరా ఇడ్లీ తిన్నారు, చిల్లర లేకపోతే "రేపియ్యి నాయనా" అన్నది ఆవిడే కదరా!

ఇప్పుడు ఖాళీ అయిన ప్లాట్‌ఫామ్ మరీ బోసిగా ఉందని కొత్త ప్రపోజల్ వచ్చింది, హెరిటేజ్ కార్నర్. జర్మనీ నుంచి ప్రైజర్ కంపెనీ బొమ్మలు తెప్పిస్తారట, వాటిల్లో పూలమ్మే ఆవిడ కూడా ఉందట, కాకపోతే గౌను. కొంచెం చీరలా రంగేసి పెట్టమని అక్కనడిగారు. అక్క బ్రష్షులు బీరువాలో పెట్టి తాళమేసింది, ఆదివారం కాఫీ కూడా బంద్.