తాకట్టు మోసం కేసు కాంపిటీషన్ కమిషన్ దగ్గర ఎందుకు నిలవదు?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఫ్లాట్ కొన్న మన తెలుగువాళ్లకు, బిల్డర్ ఆ స్థలాన్ని తాకట్టు పెట్టాడన్న సంగతి చాలాసార్లు బ్యాంకు నోటీసు తలుపుకి అంటించాకే తెలుస్తుంది. స్వాధీన నోటీసును రెండు పేపర్లలో వేయాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలన్నది రూలు. అక్కడ అంటే కన్నడ పేపరు. తెలుగు పేపరు తెప్పించుకునే ఇంట్లో అది ఎవరి కంట పడుతుంది?

ఆ టెన్షన్‌లో మనిషి కనపడ్డ ప్రతి ఆఫీసుకూ అర్జీ పెడతాడు. పోలీసులు, రిజర్వ్ బ్యాంకు, చివరికి మార్కెట్‌లో పోటీ సవ్యంగా ఉందా అని చూసే ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్. ఇంత పెద్ద బ్యాంకు తన బలం చూసుకుని నన్ను తొక్కేస్తోంది, ఇది ఆధిపత్య దుర్వినియోగం కాదా అని వాదన. కోపం న్యాయమైనదే. వాదన మాత్రం నిలవదు.

2002 నాటి కాంపిటీషన్ చట్టం 4వ సెక్షన్ పెద్ద సంస్థ చేసిన ప్రతి తప్పునూ పట్టుకోదు. ముందు మార్కెట్ ఏదో తేల్చాలి, అందులో ఆ సంస్థదే పైచేయి అని చూపాలి. ఇంటి లోన్లిచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వీధికొకటి ఉన్నప్పుడు అది కష్టం. దొంగ జీపీఏ (ఆస్తి వ్యవహారాలు నడిపే అధికార పత్రం), ఫోర్జరీ సంతకం, ఒకే ఆస్తి మీద రెండు అప్పులు... ఇవన్నీ మోసాలే, కానీ వీటివల్ల మార్కెట్‌లో పోటీ దెబ్బతినలేదు. తొలి చూపులో కేసు లేదనిపిస్తే 26(2) కింద కమిషన్ ఫైలు మూసేస్తుంది.

మరి డీఎల్‌ఎఫ్ అనే పెద్ద బిల్డర్ కంపెనీ సంగతేంటంటారా? 2011లో కమిషన్ రూ.630 కోట్ల జరిమానా వేసింది నిజమే. అక్కడ గురుగ్రామ్ ఖరీదైన ఇళ్ల మార్కెట్లో ఆ కంపెనీ ఆధిపత్యం ముందు తేలింది. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది అదే కమిషన్ 2010లో ఇచ్చిన ఇంకో ఆర్డరు. ఇంటి లోను ముందే తీర్చేస్తే బ్యాంకులు వేసే పెనాల్టీ మీద ఫిర్యాదు అది. మెజారిటీ సభ్యులు ఉల్లంఘన లేదన్నారు. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్లపై బ్యాంకుల చేత ఆ పెనాల్టీని 2012లో ఎత్తేయించింది రిజర్వ్ బ్యాంకు. చాలా బ్యాంకులు వేసిన ఛార్జీ దగ్గరే ఈ చట్టం చేతులెత్తేస్తే, ఒక్క ఫ్లాటు పత్రాల గొడవలో ఏం చేస్తుంది? పైగా గెలిచినా కమిషన్ పరిహారం ఇప్పించదు, దానికి మళ్లీ ఎన్‌సీఎల్‌ఏటీ అనే అప్పీలు ట్రైబ్యునల్‌కి పోవాలి.

అసలు నష్టం ఇంకోచోట. తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద చర్య తీసుకుంటే 45 రోజుల్లో డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రైబ్యునల్‌కి) వెళ్లాలి. ఢిల్లీ జవాబు కోసం కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. సివిల్ కోర్టుకు వెళ్దామంటే అదే చట్టం 34వ సెక్షన్ అడ్డం. బ్యాంకే మోసం చేసిందన్నప్పుడు కొంత వెసులుబాటు ఉందని 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మకపు ఒప్పందం అయ్యాక బిల్డర్ తాకట్టు పెడితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) 11(4)(హెచ్) కొన్నవాళ్ల హక్కును కాపాడుతుంది. అంతకు ముందే పెట్టిన తాకట్టుకు ఆ సెక్షన్ వర్తించదు, అందుకే తేదీలే ప్రాణం.

నా ఫిర్యాదు కమిషన్ మీద కాదు, తాకట్టు బయటికి కనపడని ఈ పద్ధతి మీద. అప్పు కోసం అసలు దస్తావేజులు బ్యాంకుకు అప్పగిస్తే చాలు, తాకట్టు అయిపోతుంది. రిజిస్ట్రేషన్ ప్రతిసారీ తప్పనిసరి కాదు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) శుభ్రంగా ఉందని మురిసిపోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఇలాంటి తాకట్ల నమోదుకే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ వచ్చింది, కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు. కర్ణాటక రిజిస్ట్రేషన్ల కావేరి పోర్టల్‌లో ఈసీ తీసేవాళ్లకు ఆ వివరం కూడా అదే కాగితం మీద వచ్చేలా కర్ణాటక ప్రభుత్వం చూడాలి. అప్పటిదాకా అడ్వాన్స్ ఇచ్చేముందే రెండూ విడివిడిగా తీసుకుని, అసలు పత్రాలు ఎవరి దగ్గరున్నాయో బిల్డర్ చేత రాయించుకోవాలి.