హాకీ తెచ్చిన కొలువు, కొమగట మారు ఎక్కిన ఆటగాడు

1914 మే 23న 376 మంది ప్రయాణికులతో కొమగట మారు అనే జపాన్ ఓడ కెనడాలోని వాంకోవర్ రేవుకు చేరింది. వారిలో 340 మంది సిక్కులు, 24 మంది ముస్లింలు, 12 మంది హిందువులు. అందరూ బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే. ఆ ఓడలో మొట్టమొదట అడుగుపెట్టిన కెనడా అధికారి ఇమిగ్రేషన్ శాఖ ఉద్యోగి ఫ్రెడ్ టేలర్. ఐస్ హాకీ అభిమానులకు ఆయన ‘సైక్లోన్’ టేలర్, ఆ ఆటలో డబ్బు తీసుకుని ఆడిన తొలి తరం ఆటగాళ్లలో అగ్రగణ్యుడు.

మనం చదువుకున్న చరిత్రలో ఓడ ఉంటుంది, దాన్ని అద్దెకు తీసుకుని నడిపించిన గురుదిత్ సింగ్ ఉంటాడు, ఈ ఆటగాడు కనిపించడు. క్రీడాభిమానులు చెప్పుకునే కథలో ఆటగాడు ఉంటాడు, ఓడ ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఈ రెంటినీ విడదీయడం తప్పని నా అభిప్రాయం. ఎందుకంటే టేలర్‌కు ఆ కొలువు తెచ్చిపెట్టింది హాకీయే.

ఆయన ఒంటారియోలోని లిస్టొవెల్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. ఆ రాష్ట్రంలో హాకీని శాసించిన సంఘం, డబ్బు ముట్టని అమెచ్యూర్ ఆటే అసలైన ఆట అని గట్టిగా పట్టుబట్టేది. టొరంటో జట్టులో చేరడానికి టేలర్ నిరాకరించినప్పుడు ఆ సంఘం ఆయనను రాష్ట్రంలో ఎక్కడా ఆడనివ్వలేదు. జీతం ఇవ్వరు, ఇష్టమైన చోట ఆడనివ్వరు. అమెచ్యూర్ ఆదర్శం పేరుతో సాగిన ఈ పెత్తనాన్ని అన్యాయమనే అనాలి. టేలర్ ఊరు విడిచి మానిటోబాలోని పోర్టేజ్ లా ప్రయరీకి వెళ్లి, భోజన వసతులకూ నెలకు 25 డాలర్లకూ ఆడాడు. 1906లో సరిహద్దు దాటి, అమెరికాలోని మిషిగన్‌లో రాగి గనుల పట్టణమైన హూటన్ చేరుకున్నాడు. ఆటగాళ్లకు బాహాటంగా జీతాలిచ్చిన తొలి లీగ్ నడిచింది అక్కడే.

1907లో ఒట్టావా జట్టు ఆయనను పిలిచినప్పుడు ఆటకిచ్చే 500 డాలర్లతో పాటు ప్రభుత్వ ఇమిగ్రేషన్ శాఖలో నెలకు 35 డాలర్ల గుమస్తా ఉద్యోగాన్ని కూడా చూపించింది. హాకీ చలికాలపు రెండు మూడు నెలల ఆట కాబట్టి, మంచు కరిగాక మిగిలిన సంవత్సరమంతా ఇల్లు గడిచేదెలా అన్నది ప్రతి ఆటగాడినీ వేధించిన ప్రశ్న. దానికి ఒట్టావా చెప్పిన జవాబు సర్కారు కొలువు.

ఆయన ఆట గొప్పదనం తెలియాలంటే అప్పటి నియమాలు తెలియాలి. జట్టుకు ఏడుగురు. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను ముందున్న సహచరుడికి అందించడానికి వీల్లేదు కనుక, ముందుకు తీసుకుపోవాలంటే కర్ర కొసన పట్టి ఉంచి ప్రత్యర్థుల మధ్య నుంచి తానే దూసుకుపోవాలి. టేలర్ ఒట్టావాలో ఆడింది రక్షణ స్థానంలో. అయినా వెనక నుంచి బయలుదేరి ఎదుటి గోల్ దాకా ఒక్క ఊపున పోయేవాడు. ఆ వేగాన్ని చూసి గవర్నర్ జనరల్ ఎర్ల్ గ్రే తుపానుతో పోల్చాడని, అదే బిరుదై నిలిచిందని చెబుతారు.

1909-10 సీజన్‌కు వెండి గనుల యజమాని ఓబ్రయన్ అండతో నడిచిన రెన్‌ఫ్రూ జట్టు ఆయనకు ఇవ్వజూపింది 5,250 డాలర్లు. ఆడాల్సినవి 12 ఆటలు. నెలకు 35 డాలర్ల గుమస్తా అంత సంపాదించాలంటే పన్నెండున్నరేళ్లు పనిచేయాలి. అంత ఖర్చు చేసినా రెన్‌ఫ్రూకు ఆ ఆటలో అత్యున్నత ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ దక్కలేదు. కానీ ఆటగాడి నైపుణ్యానికి మార్కెట్‌లో ధర ఉంటుందన్న సంగతిని ఇక ఎవరూ దాచలేకపోయారు.

1912లో ఆయన పాట్రిక్ సోదరులు నడిపిన పసిఫిక్ తీర లీగ్‌లో ఆడేందుకు వాంకోవర్ చేరాడు. ఇమిగ్రేషన్ ఉద్యోగం అక్కడా కొనసాగింది. రెండేళ్లకు ఓడ వచ్చింది.

స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చినవారినే దేశంలోకి రానిస్తామని కెనడా 1908లో ఒక నియమం పెట్టింది. ఇండియా పేరు అందులో లేదు. అయితే ఇండియా నుంచి నేరుగా వచ్చే ఓడలే లేవు. దానికి తోడు చేతిలో 200 డాలర్లు చూపించాలి. ఇరవై మందికి పైగా పూర్వ నివాసులను మాత్రం దించుకుని, మిగిలిన వారిని రెండు నెలల పాటు తీరం కనిపిస్తుండగానే, తాగునీటికీ తిండికీ కటకటలాడుతుండగా ఓడలోనే ఉంచారు. జూలై 23న యుద్ధనౌక కాపలాలో వెనక్కి పంపారు. కలకత్తా దగ్గరి బజ్‌బజ్‌లో దిగినప్పుడు కాల్పుల్లో సుమారు 20 మంది మరణించారు. బ్రిటిష్ పాలనను కూలదోయాలని ప్రవాస భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ ఈ ఘటనతో మరింత రగిలింది. అందులో, కాలిఫోర్నియాలో చదువుకోవడానికి వెళ్లిన మన దరిశి చెంచయ్య కూడా ఉన్నాడు.

ఆ చట్టాన్ని టేలర్ చేయలేదు. వాంకోవర్‌లో నిర్ణయాలు తీసుకున్నది ఆయన పై అధికారి మాల్కం రీడ్. కాబట్టి నేరమంతా ఆటగాడి మీద మోపడం న్యాయం కాదు. కానీ మంచి కూలి కోసం రాష్ట్రాలూ దేశమూ దాటిన మనిషి ఆయన. అదే ఆశతో సముద్రం దాటిన వారిని ఆపే పనిలో ఆయనకు భాగం ఉంది. దీన్ని ప్రస్తావించని జీవితకథ అసంపూర్ణమే.

ఓడ వెళ్లిన ఎనిమిది నెలలకు, 1915 మార్చిలో, అదే ఊళ్లో ఒట్టావాను వరుసగా మూడు ఆటల్లో ఓడించి వాంకోవర్ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. టేలర్ ఆ జట్టు తార. 1917-18లో 18 ఆటల్లో 32 గోల్స్ చేశాడు. 1946లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను ఎంబీఈ అనే గౌరవ బిరుదుతో సత్కరించింది హాకీకి కాదు, ఇమిగ్రేషన్ సేవలకు. 1979లో వాంకోవర్‌లోనే కన్నుమూశాడు. కొమగట మారు ప్రయాణికులకు కెనడా పార్లమెంటులో అప్పటి ప్రధాని ట్రూడో క్షమాపణ చెప్పింది 2016 మే 18న.